పాత బండికి వచ్చిన కబురు

సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఏమేం చూస్తాం? టైర్లు చూస్తాం, ఇంజను చప్పుడు వింటాం, సొట్టలు పూడ్చి రంగేశారేమోనని డోర్లు తడిమి చూస్తాం. తెలిసిన మెకానిక్ 'బండి బాగుంది సార్' అంటే చాలు, అడ్వాన్స్ ఇచ్చేస్తాం. 'కంపెనీ ఈ మోడల్‌ని ఎప్పుడైనా వెనక్కి పిలిచిందా?' అని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

మేం కారు కొన్న మూడేళ్లకు దాని మొదటి యజమాని ఫోన్ చేశారు. 'పెట్రోలు పంపు మార్చాలట, ఉత్తరం మాకొచ్చింది' అన్నారు. కంపెనీ దగ్గర ఆయన అడ్రసే ఉంది మరి! పెద్దమనిషి కాబట్టి చెప్పారు. చించి పారేసినా అడిగేవాళ్లు లేరు.

'నున్నగా పోతున్న బండిని ఎందుకు కెలకడం?' అన్నారు మా మామగారు. మెకానిక్‌లు లేనిపోని రిపేర్లు అంటగట్టిన అనుభవం ఆయనది. కానీ రీకాల్ లెక్క వేరు. కొన్ని లోపాలు అవసరం పడేదాకా బయటపడవు. జపాన్ కంపెనీ తకాటా ఎయిర్ బ్యాగులే అందుకు సాక్ష్యం. వాటిని ఉబ్బించడానికి వాడిన అమ్మోనియం నైట్రేట్ ఏళ్ల తరబడి వేడికి, తేమకి పాడయ్యేది. ప్రమాదం జరిగినప్పుడు మరీ ఉధృతంగా పేలి, లోహపు డబ్బా ముక్కలై మనుషుల మీదికి దూసుకొచ్చేది. కాపాడాల్సిందే ప్రాణం తీసింది! ఒక్క అమెరికాలోనే దాదాపు 6.7 కోట్ల బ్యాగుల్ని రీకాల్ చేశారు. 2017లో ఆ కంపెనీ దివాలా తీసింది. అంతవరకూ ఆ కార్లూ నున్నగానే పోయాయి. వేడి, తేమ అంటే మన కోస్తావాళ్లకు వేరే చెప్పాలా?

మన దేశంలో 2012లో కార్ల కంపెనీలు స్వచ్ఛందంగా రీకాల్ నియమావళి పెట్టుకున్నాయి. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంతో, లోపమున్న బండ్లను వెనక్కి పిలవమని ఆదేశించే అధికారం కేంద్రానికి వచ్చింది. ఆ నిబంధనలు 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చాయి.

మా పంపు ఒక్క పూటలో మార్చేశారు. పైసా తీసుకోలేదు. నడిరోడ్డు మీద, వెనక లారీ వస్తుండగా ఇంజను ఆగిపోయే అవకాశం ఉండేదని సర్వీసు కుర్రాడు చెప్పాడు. రోజూ మా అమ్మాయిని కాలేజీకి దింపేది ఆ బండే. మామగారు మళ్లీ మాట్లాడలేదు.

మీది పాత బండైతే ఆర్‌సీలో ఛాసిస్ నంబరు చూడండి. కంపెనీ వెబ్‌సైట్‌లో కొట్టి చూసినా, సర్వీస్ సెంటర్‌లో అడిగినా రీకాల్ ఉందో లేదో తెలుస్తుంది. అలాగే మీరు అమ్మేసిన బండికి ఉత్తరం వస్తే, కొన్నవాళ్లకు ఒక్క ఫోన్ కొట్టండి. బండి మీది కాకపోవచ్చు... అందులో వెళ్లేవాళ్లూ ఎవరో ఒకరి పిల్లలే కదా!