చిన్న పలకపై మన యక్షరములు

రాస్ప్‌బెర్రీ పై యను చిన్న కంప్యూటరును మీలో కొందఱు చూచియుందురు. 2012వ సంవత్సరమున ఇంగ్లండులో వెలువడిన ఆ యంత్రము అరచేతిలో నిముడును. వేసవిలో మన రేగొండ యెండ యెట్టిదో మీరెఱుగుదురు గదా. ఇంటిలోని వేడిమిని అంకెలలో చూపుటకై, ఉష్ణమాపకముతో పాటు అక్షరములు చూపు ఎల్.సి.డి. పలక నొకదానిని ఆ కంప్యూటరునకు కలిపితిని.

ఆ పలకపై రెండు వరుసలు, వరుసకు పదునాఱు గడులు కలవు. దాని పిన్నులును పదునాఱే. కాని యన్నిటికి తీగలక్కఱలేదు. ఒక్కొక్క యక్షరపు ఎనిమిది బిట్లను నాలుగేసి చొప్పున రెండు విడతలుగా పంపినచో నాలుగు తీగలతో సమాచారము చేరును. ముఖ్యముగా గమనింపవలసిన దొకటి కలదు. పలక 5 వోల్టులతో నడచును. కంప్యూటరు పిన్నులు 3.3 వోల్టులకే యేర్పడినవి. కావున పలక తిరిగి జవాబు పంపకుండునట్లు దాని ఆర్.డబ్ల్యు. పిన్నును గ్రౌండునకు కలుపవలెను. కాంట్రాస్టు మర త్రిప్పి సరిచేయువఱకు అక్షరములు కనబడవు. ఇది యెఱుగక మంచి పలకను చెడినదనువారు పెక్కండ్రు!

పలకపై ఇంగ్లీషులో ‘టెంప్ 41’ అని వెలిగెను. మా యమ్మ దానిని తేఱిపాఱ జూచి, “బిడ్డా, గిది మన తెలుగుల రాయదా?” అని యడిగెను. ఆమె తెలుగు చక్కగా చదువును; ఇంగ్లీషు రాదు. పగలెల్ల ఆ యింటిలో నుండునది ఆమెయే.

పరీక్షార్థము ‘ర’ యక్షరమును పంపి చూచితిని. యూనికోడు పద్ధతిలో కంప్యూటరు దానిని మూడు బైట్లుగా పంపును. పలక ఆ మూటిని మూడు వేఱువేఱు గుర్తులుగా నెంచి, గ్రీకుల ఆల్ఫాను, రెండు అడ్డుగీతలను చూపెను! కారణ మేమన, ఇట్టి పలకలు జపానుదేశపు హిటాచీ వారి హెచ్.డి.44780 చిప్పు పద్ధతి ననుసరించును. అందు ఇంగ్లీషుతో పాటు జపానువారి కటకానా లిపి కలదు, తెలుగు లేదు. కటకానా చాలవఱకు సూటిగీతల లిపి గనుక ఇఱుకుగడిలో సులభముగా నిముడును. మన గుండ్రని యక్షరములకు ఆ సుకరము లేదు.

అయినను ఆ చిప్పునందు మనము గీసికొనుటకు ఎనిమిది గడులు విడిచియున్నారు. గడికి అడ్డముగా 5, నిలువుగా 8, వెరసి 40 చుక్కలు. గళ్ల కాగితముపై పెన్సిలుతో చుక్కలు నింపుచు, తుడుపుచు రెండు సాయంకాలములు గడపితిని. ‘రే’కు ఒక గడి, ‘గొ’కు రెండు, సున్నకు ఒకటి, ‘డ’కు ఒకటి, వెరసి అయిదు. ‘వేడి’కి రెండు. అంకెలు చిప్పులోనే యున్నవి. ‘రేగొండ వేడి 41’ అని కనబడగానే మా యమ్మ కూడబలుక్కొనకయే చదివెను. పొరుగింటి వారినిగూడ పిలిచి చూపెను.

కరెంటు పోయినప్పుడెల్ల పలక మన యక్షరములను మఱచిపోవును. మరల నేర్పు పని కంప్యూటరునకే యప్పగించితిని. మిగిలినది యొక్క గడి. పుష్యమాసమున ‘చలి’ యని వ్రాయుటకు రెండు కావలెను గాన, అప్పుడు ‘వే’, ‘డి’ తుడిచి, ఆ చోటనే ‘చ’, ‘లి’ గీయుదును.