అక్రోటు కఱ్ఱపై అరచేతి గుర్తు

మా యింట ఒక జంటగొట్టముల తుపాకి కలదు. పండ్రెండు బోరుది. ముప్పదియేండ్లకు పైగా కచేరీలో కాగితములు కుట్టిన గుమాస్తాకు తుపాకి యెందుకని చదువరులు నవ్వవచ్చును. మా తాతగారు రాయదుర్గము ప్రాంతమునుండి వచ్చి, సండూరు కొండల క్రింద కొంత మెట్టభూమి కొని జొన్నయు వేరుసెనగయు పండించిరి. అడవిపందులు రాత్రికి రాత్రి పైరును దున్నిపోవుచుండగా, పంటకాపుదలకై లైసెన్సు పొంది దీనిని సంపాదించిరి. 1953లో రాయదుర్గము ఆంధ్రరాష్ట్రమునకును, సండూరు, బళ్లారులు మైసూరునకును చెందెను. సరిహద్దు వారి పుట్టినయూరికిని వారి పొలమునకును నడుమ వచ్చి నిలిచెను. వారు మాత్రము పొలమును విడువలేదు.

తాతగారి తరువాత తండ్రిగారికి, వారి తరువాత మాకు, లైసెన్సుతో సహా తుపాకి సంక్రమించినది. మా యెఱుకలో అది పందులను బెదరించుటకు ఆకాశమువైపు ప్రేలినదే గాని ప్రాణిని తీసి యెఱుగదు. పొలము అమ్ముడుపోయి చాలకాలమైనది.

2024 లోకసభ ఎన్నికలకు ముందు, లైసెన్సుదారులు తుపాకులను అప్పగింపవలెనన్న ఉత్తర్వు ననుసరించి మేమును అప్పగించితిమి. ఫలితములు వెలువడిన పిమ్మట వెంటనే పోక, శ్రావణమాసమున పోయి తెచ్చుకొంటిమి. నిలువయుంచిన గదిలో చెమ్మ యెక్కువ కాబోలు, మడమకఱ్ఱపై తెల్లని బూజు పట్టి, పాతమెఱుగు పొరలుపొరలుగా లేచియుండెను. ఒక ప్రక్క రెండు సొట్టలు.

లైసెన్సుగల తుపాకుల దుకాణమునకు తీసికొనిపోగా, మేస్త్రీ చూచి, "మొత్తం గీకేసి, పట్టుకునే చోట కొత్తగా గళ్లు చెక్కి, వార్నిష్ కొట్టిస్తాను సార్. కొత్తదానిలా ఉంటుంది" అనెను. మాకును ఆశ పుట్టినది. కాని చేయిపట్టు స్థానమున చెక్కిన గళ్లు ఒకవైపు అరిగి నున్నబడియున్నవి. అది తాతగారి అరచేయియు తండ్రిగారి అరచేయియు చేసిన పని. గీకినచో అదియును పోవును. ఇనుపభాగములను రసీదుపై దుకాణముననే యుంచి, విప్పించిన కఱ్ఱను మాత్రము కాగితమున చుట్టుకొని యింటికి వచ్చితిమి.

ఆ కఱ్ఱ అక్రోటు. మన దేశమున ఈ చెట్టు కాశ్మీరమునందును, హిమాలయ ప్రాంతములందును పెరుగును. బాగుగా ఆరిన అక్రోటు సులభముగా వంకరపోదు. ప్రేలుటలోని అదటును ఓర్చుకొనును. ఉలికి చక్కగా లొంగును. కనుకనే తుపాకులకు అది పేరుపొందినది.

మొదట పాతమెఱుగును తొలగించితిమి. ఇనుము చేరు చోట ఏండ్ల తరబడి తుపాకినూనె ఇంకి కఱ్ఱ నల్లబడియుండెను. సుద్దపొడిని స్పిరిటులో కలిపి పట్టువేసి, ఆరిన పిదప దులిపితిమి. పట్టు కొంత నూనెను పీల్చి పసుపువన్నె తిరిగినది. నాలుగుమారు లట్లు చేసితిమి. సొట్టలపై తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె నానించితిమి. ఆవిరికి అణగియున్న నారలు ఉబ్బి పైకి లేచినవి. ఒక సొట్ట పూర్తిగా మాసెను. రెండవదానిలో నార తెగియుండుటచే సగమే లేచినది. అణగినది లేచును గాని తెగినది లేవదని అప్పుడు తెలిసినది.

తరువాత ఉప్పుకాగితమును చెక్కముక్కకు చుట్టి, నారవెంట మాత్రమే రుద్దితిమి. నూటయెనుబదవ నంబరుతో మొదలిడి నాలుగువందల నంబరు వరకు పోతిమి. నడుమ నడుమ తడిగుడ్డతో తుడిచినచో సన్నని నూగు లేచును. ఆరిన పిదప దానిని మరల రుద్దవలెను. నూగు లేవకుండువరకు ఇదియే పని. అరిగిన గళ్ల జోలికి మాత్రము పోలేదు. పాత పండ్లబ్రష్షుతో మట్టి తీసి వదలితిమి.

ఆపైన నూనె. కాచిన అవిసెగింజల నూనెను నాలుగు చుక్కలు అరచేత వేసికొని, కఱ్ఱ వేడెక్కువరకు రుద్ది, మిగిలినదానిని గుడ్డతో తుడిచివేయవలెను. ఈ నూనె నీటివలె ఎండిపోదు. గాలిలోని ప్రాణవాయువును గ్రహించి గట్టిపడును. పలుచగా పూసి, దినము విడిచి మరల పూయవలెను. దట్టముగా పూసిన బంకయై నిలుచును. రెండవ పూతయందే తొందరపడి ఆ తప్పు చేసి, దానిని తీయుటకు రెండుదినములు శ్రమపడితిమి.

మఱియొక తప్పు అంతకన్న పెద్దది. నూనెగుడ్డలను ఉండగా చుట్టి మూల పడవైచితిమి. మా యింటివారు ఊడ్చుచు, "ఏమండీ, ఈ గుడ్డలు కాలుతున్నాయి, ముట్టుకుని చూడండి!" అని కేకవేసిరి. ఆ నూనె గట్టిపడునపుడు వేడి పుట్టును. గుడ్డలు కుప్పగా నున్న ఆ వేడి పోవు దారి లేక నిప్పంటుకొనును. పరచి ఆరవేయవలెను, లేదా నీట ముంచవలెను. నాటినుండి మా పెరట దండెముపై గుడ్డముక్కలు జెండాలవలె వ్రేలాడినవి.

బెంగుళూరులోని మా అబ్బాయి ఫోనులో, "ఎందుకు నాన్నా ఇంత శ్రమ? నాకా తుపాకి అక్కర్లేదు. అప్పజెప్పేస్తే పోలేదా?" అనెను. అది న్యాయమే. వానికి పొలము లేదు, పందులు లేవు. మేము బదులు చెప్పలేకపోతిమి.

దసరాకు వచ్చినపుడు ఆయుధపూజనాడు కఱ్ఱ ముందు కూర్చుండబెట్టి, వాని అరచేత నాలుగు చుక్కలు పోసితిమి. తాతగారిని వాడెఱుగడు, మా తండ్రిగారిని శైశవమున చూచెను. రుద్దుచు రుద్దుచు వాని చేయి చేయిపట్టునకు వచ్చి ఆగినది. "ఇక్కడ నున్నగా ఉందేం నాన్నా?" అనెను. చెప్పితిమి. వాడు మాటాడలేదు. చేయి అచ్చటనే చాలసేపు ఉంచి, తరువాత తుడిచిన గుడ్డను తానే దండెముపై పరచి వచ్చెను.

వాడు తుపాకి నడుగలేదు, మేము ఇయ్యజూపలేదు. మాకు ఓపిక తగ్గినపుడు దానిని ప్రభుత్వమునకే అప్పగింతుము. అయినను అప్పగించు వస్తువును బూజుతో అప్పగింపరాదు కదా! పూర్వుల సొత్తు మనవద్ద నిలుచునో నిలువదో మన చేతిలో లేదు. దానిపై బూజు తుడుచుటయు, వారి చేతిగుర్తును గీకివేయకుండుటయు మన చేతిలో నున్నవి. ఆ గుర్తుపై ఇప్పుడు మూడవ అరచేతి నూనె ఇంకియున్నది.