మళ్లీ పోల్ పట్టాను

డిగ్రీ రెండో ఏడాదిలో నా ఎడమ మోకాలి ఏసీఎల్ లిగమెంట్ తెగింది. పోల్ వాల్ట్‌లో బార్ దాటాక పడేది పరుపుల మీద. ఆ రోజు పోటీ పెట్టిన మైదానంలో పరుపుల్ని కలిపి కట్టలేదు. రెండింటి మధ్య సందులో పాదం దిగబడింది. ఒళ్లు ఒకవైపు, మోకాలు మరోవైపు తిరిగాయి. నొప్పి కంటే ముందు లోపల ఏదో పటుక్కుమనడం తెలిసింది.

ఆపరేషన్ చేసి, తొడ వెనక స్నాయువు తీసి కొత్త లిగమెంట్‌గా అమర్చారు. ఫిజియో నేర్పిన మొదటి వ్యాయామం, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టుకుని తొడ బిగించి నొక్కడం. ఎంత బిగించినా కండ కదిలేది కాదు. అమ్మ టేపుతో రెండు తొడలూ కొలిచి, ఆ కొలతలు నాకు చెప్పకుండా కాగితం మడిచి దాచేసేది.

ఈలోగా సెమిస్టర్ పరీక్షలు వచ్చాయి. హాజరు 75 శాతానికి చాలక కండోనేషన్ ఫీజు కట్టాం. నా గది రెండో అంతస్తులో పడింది. నాన్న, స్నేహితురాళ్లు పట్టుకుని మెట్లెక్కించేవారు. స్టూలు మీద కాలు చాపుకుని మూడేసి గంటలు రాశాను. ఒక్క బ్యాక్‌లాగ్ కూడా మిగల్లేదు.

అసలు కష్టం ఆ తర్వాతే. డాక్టరు ఆడొచ్చన్నారు. కానీ పోల్‌ని నేలలోని బాక్స్‌లో గుచ్చబోయే ముందు కాళ్లు వాటంతటవే నెమ్మదించేవి. పోల్ వంగేది కాదు, నేను లేచేదాన్ని కాదు. కోచ్ సార్ కోప్పడలేదు. "నువ్వు చదివేది ఫిజిక్సే కదమ్మా, ఎందుకు లేవట్లేదో లెక్కేసి చూడు" అన్నారు.

వేశాను. పరుగులోని గతిశక్తి పోల్ వంపులో నిలవ ఉండి, పోల్ నిటారయ్యేటప్పుడు మనిషిని లేపుతుంది. ఎత్తు వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది. సెకనుకు 7 మీటర్ల వేగముంటే గురుత్వ కేంద్రం సుమారు రెండున్నర మీటర్లు లేస్తుంది. వేగం 6.5కి పడిపోతే దాదాపు 35 సెంటీమీటర్లు పోతాయి. నా భయానికి కొలత దొరికింది. ధైర్యం తెచ్చుకోవాలని కూర్చోకుండా చివరి అడుగుల వేగం మీద పనిచేశాం. మొదట పొట్టి పరుగు, తేలిగ్గా వంగే పోల్. తర్వాత పరుగు దూరం కొద్దికొద్దిగా పెంచాం.

చివరి ఏడాది అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 3.40 మీటర్లు దాటి కాంస్యం గెలిచాను. మన దేశపు వాల్టర్లు వి.ఎస్. సురేఖ 2014లో దాటిన 4.15, రోజీ మీనా 2022లో దాటిన 4.20 మీటర్ల ముందు అది చిన్నదే. కానీ ఆ మోకాలితో దాటాను. ఆ వేసవిలోనే డిగ్రీ డిస్టింక్షన్‌లో పూర్తయింది.

ఆటలో పడితే చదువు పోతుందని నాన్నతో చాలామంది అన్నారు. ఆట ఆగిపోయిన రోజుల్లో నన్ను నిలబెట్టింది చదువే, మళ్లీ ఆటలోకి తెచ్చిందీ చదువే. పోల్ పట్టే పిల్లలకు నేను చెప్పేది రెండే మాటలు. పోటీకి ముందు పరుపుల సందులు చేత్తో తడిమి చూసుకోండి, కలిపి కట్టేదాకా ఎగరనని చెప్పండి. దెబ్బ తగిలినా పుస్తకం మాత్రం వదలకండి.