మేము చేసిన ఆయుధాలు

పోయిన దసరాకు ఆయుధ పూజ రోజు మా ఇంట్లో కొడవలి, పార, గడ్డపార, మచ్చుకత్తి అన్నీ కడిగి, పసుపు కుంకుమ పెట్టి గోడ పక్కన వరసగా పెట్టినాము. పేరుకు ఆయుధ పూజే గాని వాటిల్లో యుద్ధానికి పోయేది ఒక్కటీ లేదు. అన్నీ చేనుకు పోయేవే. సెలవులకు బెంగళూరు నుంచి వచ్చిన మా బావ వాటిని చూసి, "వీటితో ఒక మంచి ఆట ఆడొచ్చురా" అన్నాడు.

ఆ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు తయారు చేసినారు. 1974లో అమెరికాలో అచ్చయింది. అందులో ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్లు ఒక్కొక్కరు ఒక్కో పాత్ర అవుతారు. "నేను తలుపు తోస్తా", "నేను చెట్టెక్కుతా" అని నోటితో చెప్పాలి. ఆ పని అయిందా లేదా అనేది పాచిక తేలుస్తుంది. చేతిలో కత్తి లేకపోతే దగ్గర ఉన్న కుర్చీనో సీసానో ఎత్తి కొట్టొచ్చు. అట్లాంటి వాటికి నాలుగు ముఖాల పాచిక వేసి దెబ్బ ఎంతో లెక్కిస్తారు.

మా దగ్గర అట్లాంటి పాచికలు లేవు. అవ్వ నాలుగు చింతపిక్కలు తెచ్చి, ఒక పక్క బండకు అరగదీసి ఇచ్చింది. అరగదీసిన పక్క తెలుపు, రెండో పక్క నలుపు. నాలుగూ కలిపి వేస్తే మొత్తం 16 విధాలుగా పడొచ్చు. అందులో రెండు తెలుపులు పడేవి 6, నాలుగూ తెలుపు పడేది 1, నాలుగూ నలుపు పడేది 1. రెండు గాని అంతకంటే ఎక్కువ గాని తెలుపులు పడితే దెబ్బ తగిలినట్టు అని పెట్టుకున్నాము. అంటే 16లో 11 సార్లు తగులుతుంది.

కథకు మేము ఎక్కడికో పోలేదు. మా తాలూకాలోనే కైవారం ఉంది కదా. అదే భారతంలోని ఏకచక్రపురమని, భీముడు బకాసురుణ్ణి చంపింది అక్కడేనని మా పక్క అందరూ చెప్పుకుంటారు. పాండవులు అప్పుడు బ్రాహ్మణ వేషంలో, ఒకరి ఇంట్లో తల దాచుకొని ఉన్నారు. ఆయుధాలు బయటికి తీస్తే ఎవరో తెలిసిపోతుంది. భీముడు కూడా ఆ రాక్షసుడితో చెట్లు పీకి, తర్వాత ఉత్త చేతులతోనే పోరాడినాడు. అందుకని మా ఆటలో ఒకటే నియమం. ఆ ఇంట్లో దొరికే వస్తువులే ఆయుధాలు.

నేను చేసిన మొదటి ఆయుధం "అగ్ని వడిసెల". వడిసెల అంటే పంట మీద వాలే పిట్టలను తోలడానికి తాడుతో చేసేది. మధ్యలో రాయి పెట్టే చోటు ఉంటుంది. ఒక కొన వేలికి తగిలించుకొని, రెండో కొన పట్టుకొని, తల మీద తిప్పి వదలాలి. నేను దానికి నిప్పు రాళ్లు పెట్టినాను. ఒక్క తెలుపు పడినా తగులుతుందని, తగిలితే మూడు దెబ్బలని రాసుకున్నాను. అంటే 16లో 15 సార్లు తగులుతుంది. మొదటి రోజే బకాసురుడు నాలుగు వేతలకు చచ్చిపోయినాడు. మా తమ్ముడు భీముడు. వాడు ఇంకా బండెడు అన్నం తినడం కూడా కాలేదు. "ఇంక నేనేం చేయాల?" అని పిక్కలు విసిరేసి లేచిపోయినాడు.

నాకు మాత్రం గర్వం తగ్గలేదు. నా వడిసెల నిజంగా ఎంత దూరం పోతుందో చూద్దామని గోనెసంచి దారంతో ఒకటి అల్లినాను. ఇంటి వెనక తమ్ముణ్ణి నిలబెట్టి, రాయి ఎక్కడ పడుతుందో చూడమన్నాను. వాడు నా వెనకే ఉన్నాడు, అందుకని ఏం కాదనుకున్నాను. కొన వదలడం ఆలస్యమైంది. రాయి వెనక్కి పోయి వాడి కనుబొమ్మ మీద తగిలింది. మూడు కుట్లు పడినాయి. ఇంకొంచెం కిందికి తగిలుంటే కన్ను పోయేదని అందరూ అన్నారు. అమ్మ పిక్కలను పొయ్యిలో వేసింది. వాడు ఏడుస్తూ కూడా "అన్న కావాలని కొట్టలేదు" అనే చెప్పినాడు. అదే నాకు ఎక్కువ బాధయింది.

వారం తర్వాత తాత నన్ను పిలిచి కూచోబెట్టినాడు. "చిన్నప్పుడు నేనూ మంచె మీద నిలబడి వడిసెల తిప్పినోణ్ణే. ఒక్క పిట్టను కూడా చంపలేదురా. కొట్టడానికి కాదు అది, తోలడానికి. రాయి పోయే శబ్దానికే అవి లేచిపోతాయి. తిప్పేముందు నాలుగు పక్కలా చూసుకోవాల" అన్నాడు. అవ్వ పక్కనుంచి, "రోకలి ఎత్తుకొని రాక్షసుడి మీదికి పోతారంట. అది విరిగితే తెల్లారి వాళ్లు దేంతో దంచుకుంటారు?" అంది. నవ్వుతానే అంది గాని నాకు నవ్వు రాలేదు. నా లెక్కలో తగలడం ఒకటే ఉంది. తప్పితే ఏమైతుంది, విరిగితే ఎవరికి కష్టం అనేవి నేను రాయనే లేదు.

ఆ రాత్రి నోటుబుక్కులో ఆయుధాలన్నీ కొత్తగా రాసినాను. రోకలికి దెబ్బ రెండు. నాలుగూ నలుపు పడితే విరుగుతుంది, ఆ ఇంట్లో మరుసటి రోజు వంట లేదు. కారం పొడి ఒక్కసారికే, గాలి ఎదురైతే మన కళ్లలోనే పడుతుంది. నులక మంచం మంచి డాలు, కాని ఇద్దరు మోయాలి. బండి కాడి భీముడు తప్ప ఎవరూ ఎత్తలేరు. వడిసెల దెబ్బ సున్న. కాని తగిలితే శత్రువు మూడు అడుగులు వెనక్కి పోతాడు. తిప్పడానికి ఒక వంతు పడుతుంది, ఇంట్లో గాని చెట్టు కింద గాని పనికిరాదు. నాలుగూ నలుపు పడితే రాయి వెనకున్న మనవాడికే తగులుతుంది.

ఈ వడిసెలతో రాక్షసుణ్ణి చంపడం కాదు. కాని వాణ్ణి బండి దగ్గరికి రానీయకుండా ఆపొచ్చు. అంతలో భీముడు తిండి ముగిస్తాడు. మునుపు ఒక్క పూటలో అయిపోయిన ఆట ఈసారి నాలుగు సాయంత్రాలు నడిచింది. రోకలి అడిగితే ఆ ఇంటి ఆమెగా ఆడే మా చెల్లెలు రెండుసార్లు ఇవ్వనంది. "మాకూ పిల్లలున్నారు" అని గట్టిగా చెప్పింది. మేము బతిమాలుకోవలసి వచ్చింది.

అమ్మను ఒప్పించడానికి పది రోజులు పట్టింది. తమ్ముణ్ణి ఒప్పించాల్సిన పని లేకపోయింది. కుట్లు విప్పిన రోజే కొత్త పిక్కలు వాడే అరగదీసుకొని వచ్చినాడు. చివరి సాయంత్రం వడిసెల వాడి చేతికి వచ్చింది. పిక్కలు వేసేముందు వాడు ఆగి, వెనక్కి తిరిగి మా అందరి పాత్రల పేర్లూ పిలిచి, "మీరంతా గోడ అవతలికి పోండి, అప్పుడు తిప్పుతా" అన్నాడు. ఆ నియమం నేను రాయలేదు. ఆ రోజే నోటుబుక్కులో చేర్చినాను.