తాళంకప్పల మీద కందిరీగలు

అమ్మమ్మ వాళ్ల ఊరు అచ్చంపేట దిక్కు. ఎండకాలం సెలవులకు పోతే సగం వాడ తాళాలేసి ఉండేది. దసరా దాటినంక మేస్త్రి ఇచ్చిన అడ్వాన్సు పట్టుకొని బొంబాయికో పూనాకో మట్టిపనికి పోయిన కుటుంబాలు తొలకరికి గాని తిరిగి రావు. పాలమూరు లేబర్ అని దేశమంతా పిలిచింది వాళ్లనే. నా సెలవులు అయిపోయే రోజుల్లో ఒక్కో ఇల్లు తెరుచుకునేది. నెత్తిమీది మూట దించి, రొంటిలోంచి తాళంచెవి తీసి కూడా వాళ్లు వెంటనే తాళం తియ్యరు. ఎక్కడినుంచో పొడుగు కట్టె తెచ్చి, పక్కకు జరిగి నిలబడి, దర్వాజను రెండు దెబ్బలు కొట్టి ఆగుతారు. ఎవరూ లేని ఇంటి తలుపు ఎందుకు కొడుతున్నారో నాకు అర్థమయ్యేది కాదు.

"లోపల ఎవలున్నరే?" అని అమ్మమ్మనడిగిన.

"కిరాయోళ్లు" అన్నది.

ఆ మాటకు వాకిట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇంటామె మాత్రం నవ్వలేదు, ఆమె కళ్లు తాళంకప్ప మీదే ఉన్నాయి. గడియ వెనక, చౌకట్టు మూల, అరచేయంత బూడిదరంగు తుట్టె. దాని మీద ఎర్రటి సన్నటి ఈగలు రెక్కలు లేపి కూర్చున్నాయి. కందిరీగ కుట్టబోయే ముందు రెక్కలెట్లా పెడుతుందో అప్పటికి నాకు తెలియదు. దగ్గరికి పోయి చూశాను.

ఏ కన్ను వాచిందో ఇప్పుడు గుర్తులేదు. అమ్మ ఎడమ అంటుంది, నాకు కుడి అని జ్ఞాపకం. వైద్యం మాత్రం మరువలేదు. ఒకామె సున్నం పెట్టింది, ఒకాయన ఉల్లిగడ్డ కోసి రుద్దాడు, ఆ ఇంటామె తన తాళంచెవినే తెచ్చి ఇనుము రుద్దితే విషం దిగుతుందని రెప్ప మీద రుద్దుతూ కూర్చుంది. అమ్మమ్మ ముల్లు కోసం వెతికింది. ఉంటే కదా దొరకడానికి! తేనెటీగ ముల్లుకు కొక్కేలుంటాయి. కుట్టినప్పుడు అది మన ఒంట్లోనే ఇరుక్కుపోతుంది, తేనెటీగ చచ్చిపోతుంది. కందిరీగ ముల్లు నున్నన. ఎన్నిసార్లయినా గుచ్చి ఎన్నిసార్లయినా తీసుకుంటుంది. అమ్మమ్మ వెతుకులాటకు నా రెప్ప మరింత వాచింది.

ఆ చెవి చల్లదనం, దానికంటిన చెమట వాసన, ఆమె గాజుల చప్పుడు ఇప్పటికీ ఉన్నాయి. ముఖం లేదు. ఎంత గుర్తు చేసుకున్నా రాదు. ఏడాదికి ఏడెనిమిది నెలలు ఊళ్లో లేని మనిషి ముఖం పిల్లవాడి మనసులో ఎట్లా నిలుస్తుంది?

ఆ దర్వాజ మీద గోటితో గీసినట్టు సన్నని తెల్లగీతలుండేవి. ఎండకు వెలిసిన చెక్క పైపొరను కందిరీగ దవడలతో గీకి, నమిలి, ఉమ్మి కలిపి కాగితం చేస్తుందని, తుట్టె అంతా ఆ కాగితమేనని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ ఇంటి చెక్కతోనే ఆ ఇంటికి ఇంకో ఇల్లు కట్టుకున్నాయన్నమాట. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో రాఘవేంద్ర గదగ్‌కర్ అనే శాస్త్రవేత్త దక్షిణాది చూర్ల కింద కనిపించే ఒక చిన్న కందిరీగ మీదే దశాబ్దాలు పనిచేసి 2001లో పెద్ద పుస్తకం తెచ్చాడు. అందులోని రాణి మెత్తనిది, ఎవరినీ కొట్టదు. దాన్ని తుట్టె నుంచి తీసేస్తే మాత్రం నిమిషాల్లోనే ఒక మామూలు ఈగ మిగతావాటి మీద విరుచుకుపడుతుంది. తర్వాతి రాణి అదే. పీఠమెక్కాక అదీ మెత్తబడుతుంది. మన రాజకీయాల్లో మాత్రం ఆ చివరి ముక్క జరగదు.

మా ఊరు దేవరకొండ దిక్కు. అక్కడ అందరికంటే ముందు ఖాళీ అయింది దొర గడి. పోలీసు యాక్షన్ ముందా తర్వాతా అన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పేవాళ్లు. నేను ఎరిగేనాటికి గడి పెద్ద దర్వాజ సగం కూలి, గోడ బొక్కలో పెద్ద కందిరీగలుండేవి. నల్లటి ఒళ్లు, నడుము కింద వెడల్పాటి పసుప్పచ్చ పట్టీ. దాని మోతే వేరు, ముందు మోత వినిపించి ఆ తర్వాత ఈగ కనిపిస్తుంది. సంగపోళ్లు, రజాకార్లు, మిలట్రీ వరసగా వచ్చి పోయిన ఆ దర్వాజ ముందు నాయినమ్మ ఎన్నడూ ఆగేది కాదు. నేను నిలబడితే చెయ్యి పట్టి గుంజి, "దొర పోయిండు గని కావలి పోలే, నడువ్" అనేది. ఆమె తన పడుచుతనంలో ఆ గడిలో వెట్టి చేసిందని నాకు తెలిసేనాటికి ఆమె లేదు. అడగాల్సినవన్నీ అట్లాగే మిగిలాయి.

ఒక మధ్యాహ్నం మాత్రం గడి ఎదుట చాలాసేపు నిలబడ్డాను. పెద్ద కందిరీగ ఒకటి వచ్చి చూరు కింది చిన్నవాటి తుట్టె మీద వాలింది. అంతమంది ఉండి కూడా చిన్నవి పక్కకు జరిగాయి. అది తాపీగా ఒక్కో అర తెరిచి తెల్లటి పిల్లపురుగులను గుంజి తిన్నది. తుట్టె కాడికి పోతే మనిషిని తరిమేవి దాన్ని ఏమీ అనలేకపోయాయి.

ఇంట్లో మాకు ఇంకో రకం ఉండేది, కుమ్మరి పురుగు. తడిమట్టి ఉండలు తెచ్చి గోడమూలల్లో, దేవుని పటం వెనక, ఆఖరికి నాయిన గోడగడియారం లోపల కూడా గూళ్లు కట్టేది. మట్టి పూసేటప్పుడు సన్నగా రొద చేస్తుంది. మనుషుల జోలికి రాదు. అది గూడు పెట్టిన ఇంట్లో కడుపు పండుతుందని నాయినమ్మ నమ్మకం. చిన్నమ్మ కాపురానికొచ్చి ఏళ్లయినా పిల్లల్లేరు. అందుకని ఆమె అర్రలోని గూళ్లను ఎవరూ ముట్టొద్దు. దసరాకు ఇంటికి సున్నమేసే మనిషి "గీకాల్నా అవ్వా?" అని అడిగేవాడు. "మీదికెల్లి ఎయ్యి" అనేది నాయినమ్మ. ఏడాదికో పూత పడి ఆ గోడంతా తెల్లటి బొడిపెలతో నిండిపోయింది. ఆ అర్రలో పడుకుంటే చేతికి తగిలేవి.

ఊళ్లో పురాణం చెప్పే అయ్యగారు భ్రమర కీటక న్యాయం చెప్పేవాడు. తుమ్మెద పురుగును పట్టి తెచ్చి గూట్లో పెట్టి చుట్టూ రొద చేస్తుంటే, ఆ రొదనే తలుస్తూ తలుస్తూ పురుగు కూడా తుమ్మెద అయిపోతుందట. భక్తుడు భగవంతుడైనట్టు. చిన్నమ్మ ముందు వరసలో కూర్చొని వినేది. ఒకనాడు, ఏ పండుగకో గుర్తులేదు, ఆమే అట్లకాడ తీసుకొని గోడంతా గీకేసింది. మట్టిపెంకుల్లోంచి బిగుసుకుపోయిన సాలెపురుగులు రాలిపడ్డాయి, కొన్నింటి కాళ్లు ఇంకా సన్నగా కదులుతున్నాయి. కుమ్మరి పురుగు వాటిని చంపదు. ముల్లుతో పడేసి, ఒకదాని మీద గుడ్డు పెట్టి మూసేస్తుంది. పిల్ల పుట్టి వాటిని తాజాగా తింటుంది. చిన్నమ్మ ఒకదాన్ని అట్లకాడతో పక్కకు నెట్టి చూసి, "అయ్యగారు ఇది జెప్పలే" అన్నది. అప్పుడామె ఏడ్చిందని మా అక్క అంటుంది. నాకు ఆ మాట గుర్తుంది గాని ఏడుపు గుర్తులేదు.

తుట్టెలు తీసే పనికి ఊళ్లో ఒకే ఒక్క మనిషి. కల్లు గీసే మామ. లొట్టి మూతి కాడ కందిరీగలు ముసురుతుంటే వాటి నడుమే చెయ్యి పెట్టి బతికినవాడు. పగలు పిలిస్తే వచ్చేవాడు కాదు. చీకటి పడినంక, ఈగలన్నీ ఇల్లు చేరినంక, గోనెసంచి కప్పుకొని వచ్చేవాడు. చూరు కింది చిన్న తుట్టెకు ఏపమండ పొగ చాలు. గోడ బొక్కలో పెద్దవి ఉంటే తాటాకు దివిటీతో చూసుకొని, గ్యాస్‌నూనెలో ముంచిన గుడ్డ కుక్కి, పైన బురదమట్టి మెత్తేవాడు. పొగ, గ్యాస్‌నూనె, పులిసిన కల్లు కలిసిన ఆ వాసన తెల్లారినా పోయేది కాదు. డబ్బులిస్తే పుచ్చుకోడు. అమ్మ ఇచ్చిన జొన్నలు మాత్రం గోనెసంచిలోనే పోసుకొని పోయేవాడు.

పీపుల్స్‌వార్‌ను 1992లో నిషేధించారు. ఆ ఏడో, మరుసటి ఏడో, మా కొట్టం వెనక గోడలో పెద్ద కందిరీగలు పెట్టాయి. బర్రెకు మూతి వాచింది. నేను ఉస్మానియా నుంచి సెలవులకొచ్చి ఉన్నాను. నాయిన కబురంపితే మామ పట్టపగలే వచ్చి, అరుగు మీద కూర్చొని తలూపాడు.

"రాత్రి నేను రాను అల్లుడా. దివిటి పట్టుకొని గోడలెంబడి తిరుగుతుంటే ఇటోళ్లు జూస్తే ఒక కత, అటోళ్లు జూస్తే ఇంకో కత."

నల్లమల మాకు దూరం కాదు. చీకటిపడితే దీపాలు ఆర్పుకొని పడుకునే రోజులు. కుక్క మొరిగితే ఎవరి కోసం మొరిగిందోనని చెవులు రిక్కించేవాళ్లం. అయినా నాకు అప్పుడు పుస్తకాల ధైర్యం ఉండేది. నేను మంట పెడతాను, ఇందులో ఏముంది, మీరంతా ఉత్త భయస్తులు అన్నాను. నాయిన అరవలేదు. "నీ సదువు పట్నంల బెట్టుకో" అని బర్రెను విప్పి ముందువాకిట్లో కట్టేశాడు. ఆ ఏడు కొట్టం వాటిదే. చలికాలం ముదిరినంక రాకపోకలు తగ్గి, ఒకరోజు చూస్తే బొక్క ఖాళీ.

కొన్నేళ్లకు మామ తాడిచెట్టు మీదినుంచి పడ్డాడు. మట్టల నడుమ తుట్టె ఉంది, లొట్టి అందుకునేదాకా కనపడలేదు. కిందనున్న మనిషి ఉరుకుతాడు, గొంగడి కప్పుకుంటాడు. మోకు మీద బరువేసి నిలబడ్డవాడు ఎటు ఉరకాలె? తుంటి విరిగింది, మళ్లీ చెట్టెక్కలేదు. చూడబోతే మంచంలోంచే, "నాకు కందిరీగ తెల్వకనా అల్లుడా" అన్నాడు. 2024లో ప్రభుత్వం గీత కార్మికులకు కాటమయ్య రక్షణ కవచం పేరుతో తాళ్లూ బెల్టులూ ఇస్తుంటే టీవీలో చూశాను. జారినా మనిషి గాలిలో ఆగిపోతున్నాడు. ఈగలు కుట్టడం ఆగదు గాని, కుట్టించుకున్నవాడు కింద పడడు. ఇంత చిన్న తాడుకు ఇన్నేళ్లు పట్టిందా అని కోపమొచ్చింది.

చిన్నాయిన, చిన్నమ్మ ఇప్పుడు నల్లగొండలో ఉంటున్నారు. ఊరింటికి తాళమేసి చాలా ఏళ్లయింది. మొన్న ఎండల్లో చిన్నమ్మ ఫోన్ చేసింది. బాల్కనీలో కూలర్ వెనక తుట్టె పెట్టాయట. వాచ్‌మన్ పెట్రోలు పోసి అంటిస్తానంటున్నాడట. వద్దే వద్దన్నాను. చీకటి పడ్డాక తెలిసినవాడితో మందు కొట్టించమని, ఎవరినైనా కుట్టి ఊపిరాడకపోయినా, ఒళ్లంతా దద్దుర్లు లేచినా, ఉల్లిగడ్డలూ సున్నాలూ అనకుండా 108కు ఫోన్ చెయ్యమని చెప్పాను. చదువు చూపించుకునే పాత అలవాటు కొద్దీ ఇంకో ముక్క కూడా చెప్పాను. ముల్లుండేది ఆడ కందిరీగకే, గుడ్లు పెట్టే గొట్టమే అట్లా మారింది, మగది ఎవరినీ కుట్టలేదు అని.

"గది నాకు ఎర్కనే" అన్నది చిన్నమ్మ. "మీ చిన్నాయిన కూలర్ పెట్టుమని పొద్దున్నుంచి లొల్లి. పిల్లల తల్లులున్నయ్, కదిలియ్య, వానలు పడేదాక ఓర్సుకోమన్న. పంకా కింద కూసోని చెమటలు గారుస్తుండు. ఆగు, నీతోని మాట్లాడుతనంటుండు."

చిన్నాయిన ఫోన్ అందుకొని అరగంట తిట్టాడు. కందిరీగలను కాదు, నన్ను.