రేకు డబ్బా

కొత్త కారు తలుపు మీద వేలితో టకటక కొట్టి, "పాతకాలపు ఇనుమేదీ బావగారూ! ఇదంతా రేకు డబ్బా" అని తీర్పు చెప్పని బంధువు నాకింతవరకు తగల్లేదు. తెలుగు పాఠం చెప్పుకునేవాడికి ఇనుముతో ఏం పని అంటారేమో! "పదును" అంటే వాడి ఒక్కటే కాదు, కాల్చి చల్లార్చి తెచ్చే గట్టిదనం కూడా.

నా చిన్నప్పుడు మా ఊరి కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి, చుయ్యిమని నీళ్ళలో ముంచేవాడు. నేటి కార్ల కర్మాగారంలో జరిగేదీ అదే. పిసరంత బోరాన్ కలిపిన ఉక్కురేకును సుమారు 900 డిగ్రీల సెంటిగ్రేడుకు కాల్చి, మెత్తబడగానే అచ్చులో పెట్టి నొక్కుతారు. అచ్చు కడుపులో చన్నీళ్ళు పారుతుంటాయి. అందుచేత రూపమూ, పదునూ కొన్ని సెకన్లలో ఒక్కసారే వస్తాయి. బలం మునుపటికి సుమారు రెండున్నర రెట్లు! స్వీడన్‌లో పుట్టిన ఈ పద్ధతి 1984లో సాబ్ 9000 కారు తలుపుల లోపలి కమ్మీలకు ఎక్కింది.

అలాగని కారంతా గట్టిగా ఉండకూడదు సుమండీ! ఎదురుగా గుద్దుకుంటే ముక్కు నలిగి ఆ దెబ్బను మింగాలి. మనుషులు కూర్చునే గది మాత్రం చెక్కుచెదరకూడదు. 1959లో మెర్సిడెస్ వారు ఈ సూత్రంతో కారు తెచ్చారు. పక్కన నలగడానికి చోటేదీ? అక్కడ పదునుపెట్టిన ఉక్కే దిక్కు.

పోయిన ఏడు మా తమ్ముడి కూతురు వెళ్తున్న కారును లారీ పక్కనుంచి గుద్దింది. నడిమి స్తంభం వంగింది గాని లొంగలేదు. పిల్ల అవతలి తలుపు తీసుకుని తానే దిగింది. మా తమ్ముడు ఆ రేకు డబ్బాకు దణ్ణం పెట్టి మరీ పాతసామానువాడికి అప్పగించాడు.