నిషాపూర్ తెలుపు, కాషాన్ నీలం

ఖొరాసాన్ మహామార్గం మీద, ఇరాన్ తూర్పున ఉన్న నిషాపూర్‌లో బయలుదేరుదాం. 10వ శతాబ్దంలో, సామానీల ఏలుబడిలో, ఈ ఊరికి బిడారులు చైనా తెల్ల పింగాణీని తెచ్చేవి. ఇక్కడి కుమ్మరి దగ్గరున్నదేమో కాలిస్తే ఎర్రబడే మట్టి. ఆ ఎరుపు కనబడకుండా గిన్నెకు తెల్లమట్టి పూసి, దానిపై అంచు చుట్టూ నల్లటి కూఫీ లిపిలో అరబ్బీ నీతివాక్యం రాసి, పైన గాజుపూత వేశాడు. అక్షరాల నిలువు గీతలన్నీ గిన్నె నడిమికి చూస్తుంటాయి. మిగతాదంతా ఖాళీ. తెలుపు మీద మోజు చైనా నేర్పింది, లిపి అరబ్బులది. అంత జాగాను ముట్టకుండా వదిలిన నిగ్రహం ఖొరాసాన్ చేతిది.

పడమరగా సాగితే రేయ్ నగరం. అక్కడ దక్షిణానికి తిరిగి ఎడారి అంచు పట్టుకుంటే కాషాన్. ఇక్కడ కాసేపు ఆగాలి.

పింగాణీకి తగిన మట్టి లేని లోటును కాషాన్ పనివాళ్లు పలుగురాయితో పూడ్చారు. పది పాళ్లు పలుగురాతి పొడి, ఒక పాలు గాజుపొడి, ఒక పాలు తెల్లమట్టి: ఆ ఊరి కుమ్మరి వంశంలో పుట్టిన అబుల్ ఖాసిం 1301లో రాసిపెట్టిన లెక్క ఇది. ఆ పాత్రల మీద వేసే మెరుపుపూత విద్య 9వ శతాబ్దపు ఇరాక్ కుమ్మరులది. ఈజిప్టు చూసి, 12వ శతాబ్దంలో కాషాన్ చేరింది. కాలిన పాత్ర మీద వెండి, రాగి కలిసిన రంగుతో బొమ్మ వేసి మళ్లీ ఆవంలో పెడతారు. ఈసారి మంట మెత్తగా, పొగ దట్టంగా ఉండాలి. చల్లారాక తడిమట్టితో రుద్దితే మసి వదిలి, గుండ్రటి ముఖాల రాజకుమారులు బంగారు వన్నెలో బయటపడతారు.

1221లో మంగోలులు నిషాపూర్‌ను నేలమట్టం చేశారు. ఆ మంగోలుల వంశపు అబాకా ఖాన్‌కే 1270ల్లో, వాయవ్యాన కొండల నడుమ తఖ్తే సులేమాన్‌లో రాజభవనం లేచింది. దాని గోడపలకల మీద చైనా డ్రాగన్ మెలికలు తిరిగింది. ఇరాన్ పురాణపక్షి సీమూర్గ్‌కు చైనా పక్షి తోక మొలిచింది.

ఇక వెనక్కి, తూర్పుకు. కాషాన్ దగ్గరి ఖమ్సర్ గ్రామం నీలిరంగునిచ్చే కోబాల్ట్‌కు పేరుపడింది. 14వ శతాబ్దంలో ఇరాన్ కోబాల్ట్ చైనాలోని జింగ్‌దెజెన్ కుమ్మరి ఆవాలకు చేరి, అక్కడి తెల్ల పింగాణీ మీద నీలి పువ్వులై పూసింది. ఒకనాడు ఆ తెలుపును చూసి ఆశపడ్డ నేల, చివరికి ఆ తెలుపుకే రంగు పంపింది.